కంటి క్యాంపుకి ఎవరూ తీసుకురాని కళ్ళు

మా నెల్లూరు వైపు కంటి క్యాంపు అంటే శుక్లాల క్యాంపే. ఫ్లెక్సీ మీద "ఉచిత కంటి వైద్య శిబిరం" అని రాసినా, ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పినా జనానికి అర్థమయ్యేది ఒకటే. ముసలివాళ్ళని తీసుకురండి, పొర ఉంటే బస్సెక్కించుకుపోయి, ఆపరేషన్ చేసి, నల్లద్దాలు పెట్టి మళ్ళీ ఇంటి దగ్గర దింపుతాం అని. కోవూరు, ఆత్మకూరుల్లోనూ, అటు కందుకూరు, పొదిలి వైపూ ఇదే తంతు. నేను కొన్నేళ్ళుగా ఇలాంటి క్యాంపుల్లో టోకెన్లు రాసే పని చేస్తున్నాను. ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఎవరొస్తున్నారో తెలుస్తుంది. కాస్త ఆలోచిస్తే ఎవరు రావడం లేదో కూడా తెలుస్తుంది. నా గొడవంతా ఆ రానివాళ్ళ గురించే.

శుక్లాల క్యాంపులంటే నాకేమీ చులకన లేదు, ముందే చెప్పేస్తున్నాను. అంధత్వ నివారణకి కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది 1976లో. 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో, యాభై దాటినవాళ్ళ అంధత్వంలో మూడింట రెండు వంతులకి కారణం ఇంకా శుక్లమేనని తేలింది. కాబట్టి ఆ పని చేస్తున్నవాళ్ళకి దండం పెట్టాల్సిందే. మా నాయనమ్మ కాలంలో ఆపరేషన్ అయితే కంట్లో కటకం (లెన్స్) ఉండేది కాదు, బదులుగా సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవాళ్ళు. అవి పెట్టుకుంటే మెట్టు ఎక్కడుందో, కాలు ఎక్కడ పడుతుందో తెలిసేది కాదు. తీసేసిన కటకం చోట కృత్రిమ కటకం పెట్టొచ్చని 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు చేసి చూపించాడు. యుద్ధంలో విమానాల అద్దాల పెంకులు గుచ్చుకున్న పైలట్ల కళ్ళు చూశాడాయన. ఆ ప్లాస్టిక్ ముక్క లోపలే ఉండిపోయినా కన్ను దాన్ని భరిస్తోందని గమనించి, దాంతోనే కటకం చేయించాడు. ఆ కటకాలని 1992 నుంచి మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళ ఆరోల్యాబ్ అనే ఫ్యాక్టరీ చవగ్గా తయారుచేయడంతో మన ఊళ్ళ అవ్వలకీ అందుబాటులోకి వచ్చాయి.

ఒక పాత మాట మాత్రం ఇంకా వదల్లేదు. "ఇంకా ముదరలేదంట, ముదిరినాక చేయిస్తాం" అని తల్లిని వెనక్కి తీసుకుపోయే కొడుకులు ఇప్పటికీ కనపడుతుంటారు. కటకాన్ని మొత్తంగా పెకలించి తీసే రోజుల్లో ఆ మాటకి అర్థం ఉండేదేమో. ఇప్పుడు పనికి అడ్డమొచ్చేంత మసక వస్తే చాలు, చేయించుకోవచ్చు. బాగా ముదరబెడితే డాక్టరుకే కష్టం.

సరే, శుక్లానికి ఒక సుగుణం ఉంది. ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పితే మనిషి మనవడి మొహం చూసి నవ్వుతాడు. పేపర్లో ఫొటో వస్తుంది, ఏడాది చివర లెక్క చెప్పుకోవచ్చు. మిగతా కంటి జబ్బుల్లో ఈ వైభోగం దేనికీ లేదు. "దగ్గర చూపు అద్దాలు కూడా పంచుదామా" అని ఒక నిర్వాహకుణ్ణి అడిగితే, "అద్దాలు పంచితే ఫొటోలో ఏముంటది సార్" అన్నాడు. మంచివాడే, సొంత డబ్బు పెట్టి క్యాంపులు చేయిస్తాడు. కానీ ఆ మాటలో మన కంటి వైద్యం కథ మొత్తం ఉంది.

ఇప్పుడు నలభై ఏళ్ళవాళ్ళ దగ్గరికి వస్తాను.

కంటి లోపలి కటకం చిన్నప్పుడు మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువు చూడాలంటే చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని, కటకం ఉబ్బి, చూపు కుదురుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది గట్టిపడుతుంది. నలభై దాటేసరికి ఉబ్బమన్నా ఉబ్బదు. అదే చత్వారం. రాజుకీ పేదకీ ఒకేలా వస్తుంది, తప్పించుకున్నవాడు లేడు. దీనికి మందూ ఆపరేషనూ అక్కర్లేదు, ట్రంకు రోడ్డు మీద ఏ బండి దగ్గరైనా దొరికే ప్లస్ అద్దాలు చాలామందికి సరిపోతాయి. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వేసిన లెక్క చూడండి. ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి చూపులో ఏదో ఒక లోపం ఉంది. అందులో కనీసం 100 కోట్ల మందిది రాకుండా ఆపగలిగేదో, వైద్యం అందాల్సి ఉండి అందనిదో. ఆ 100 కోట్లలోనూ 82 కోట్ల పైచిలుకు అద్దాలు లేని చత్వారం వాళ్ళే.

ఆ 82 కోట్లలో కొందరు మా దగ్గర ఎక్కడుంటారో చెప్తాను. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ల (ఆకు కాల్చే కొట్ల) దగ్గర గ్రేడింగ్ పని చూడండి. ఆడవాళ్ళు వరసగా చాపల మీద కూర్చుని, ఒక్కో ఆకూ ఒళ్ళో పరిచి, రంగు చూసి, మచ్చ చూసి, కుప్పలు వేరుచేస్తుంటారు. వేలంలో రైతుకి ఏ రేటు పడుతుందో ఆ వేళ్ళ మీదే ఉంది. బ్రైటు (మంచి రంగు) ఆకు కుప్పలో మచ్చాకు కలిస్తే ఆ బేలు ధర పడిపోతుంది. నేను చూసినచోట నలభై దాటిన ఒకామె ఆకుని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, తల వెనక్కి వాల్చి, వెలుతురు కోసం వాకిలి వైపు తిరిగి చూస్తోంది. పక్కనున్న చిన్నపిల్ల రెండాకులు వేసేలోగా ఈమె ఒకటి వేస్తోంది. అద్దాలు పెట్టుకోవచ్చు కదమ్మా అంటే, "చదువుకున్నోళ్ళకి గదా సారూ అద్దాలు, మాకెందుకు?" అంది. మేస్త్రి మాత్రం "ఆమెకి వయసైపోయింది, చెయ్యి ఆడటం లేదు" అన్నాడు. చేతికేమీ కాలేదు!

కోవూరు దగ్గర పాటూరు మగ్గాల మీదా ఇదే. పడుగులో పోగు తెగితే వెతికి పట్టుకుని అతకాలి. వెంకటగిరి చీర నేసేవాళ్ళకి దారం ఇంకా సన్నం. నలభై ఐదేళ్ళ మనిషికి పని బాగా చేతికొచ్చి ఉంటుంది, కన్ను మాత్రం సహకరించదు. అప్పుడు పోగు అతకడానికి భార్యనో కూతుర్నో పిలవడం మొదలవుతుంది. మొదట ఎప్పుడో ఒకసారి, తర్వాత గంటగంటకీ. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీల మీద ఒక పరిశోధన జరిగింది, 2018లో అచ్చయింది. కొందరికి దగ్గర చూపు అద్దాలు ముందే ఇచ్చారు, కొందరికి పరిశోధన అయ్యాక ఇచ్చారు. ముందు తీసుకున్నవాళ్ళ పని, మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. ఆకు కోయడానికే అంత తేడా వస్తే, ఆకు మీద మచ్చ వెతకడానికి ఎంత రావాలి?

ఇళ్ళలో సంగతి ఇంకా భయం. షుగరున్న మనిషి ఇన్సులిన్ సిరంజి మీద గీతలు చూసి మందు ఎక్కించుకోవాలి. ఆ గీతలు ఎంత సన్నగా ఉంటాయో ఒకసారి పట్టుకుని చూడండి. చత్వారం వచ్చిన చేతికి అది అంచనా వ్యవహారమే. మా వీధిలో ఒకాయన "ఇరవై గీత దాకా" అని చెప్పి పక్కింటి తొమ్మిదో తరగతి పిల్లాడితో లాగించుకునేవాడు. పిల్లాడు ట్యూషన్‌కి పోయిన రోజు ఇంజెక్షన్ ఆలస్యం.

మరి ప్రభుత్వాలేం చేశాయంటారా? చేయలేదని అనను. మన రాష్ట్రంలో వైయస్సార్ కంటి వెలుగు అనే ఉచిత కంటి పరీక్షల పథకం 2019 అక్టోబర్ 10న అనంతపురంలో మొదలైంది. ముందు బడిపిల్లలకి పరీక్షలు. ఆ తర్వాత 2020 ఫిబ్రవరిలో అరవై దాటిన అవ్వాతాతలకి. మిగతావాళ్ళది తర్వాత అన్నారు, ఈలోగా కరోనా వచ్చింది. ఆ వరస తప్పని కాదు, దాని వెనకున్న ఆలోచన చూడండి. పిల్లలు చదువుకోవాలి, ముసలివాళ్ళు పాపం. ఈ రెండిటికీ మధ్య ఉండి, ఆ ఇద్దర్నీ పోషించేవాడికి కళ్ళు ఎలాగూ ఉంటాయిలే అనే లెక్క పార్టీలకతీతంగా అందరి బుర్రల్లోనూ ఉంది. క్యాంపులు పెట్టే మాలాంటివాళ్ళ బుర్రల్లోనూ.

క్యాంపులో చూపు పరీక్ష అంటే గోడకి తగిలించిన చార్టు. హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి డాక్టరు 1862లో చేసిన దాని సంతానమే అవన్నీ. ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఏ వరస దాకా చదవగలవో చూస్తారు. మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని నువ్వు ఆరు మీటర్ల నుంచి మాత్రమే చదివితే నీది 6/60. మంచి పరీక్షే. కానీ అది కొలిచేది దూరపు చూపుని, అదీ కంటి నడిమధ్య నుంచి చూసే చూపుని. దగ్గరి చూపు సంగతి అది అడగదు. పక్కలకి ఎంత కనపడుతోందో, చీకట్లో ఏమవుతోందో దానికి తెలియదు. చార్టు చివరి వరస గడగడా చదివేసి ఇంటికెళ్ళి గడపకి తట్టుకుని పడేవాళ్ళున్నారు. మా మేనత్త అలాంటి మనిషి.

అత్త రోజూ అద్దాలు పెట్టుకుని లలితా సహస్రనామం చదువుతుంది, తప్పు పోదు. కానీ కొంతకాలంగా ఎడమ భుజం తలుపు చెక్కకి కొట్టుకునేది. అన్నం తింటుంటే పళ్ళెంలో ఎడమ పక్కన పెట్టిన పచ్చడి అలాగే మిగిలిపోయేది. పచ్చడి వేయలేదేమే అని కోడల్ని కసిరేది. "ఏందబ్బయా, ఈ గడప ఈ మధ్య నా కాలికి అడ్డమొస్తా ఉంది" అని నాతో నవ్వుతూ అంది. ఇల్లు మారిందనుకుందే గానీ కన్ను మారిందనుకోలేదు. చార్టు పరీక్షలో పాసైంది కూడా. షుగరు చూపించుకోవడానికి వెళ్ళినచోట ఆ డాక్టరమ్మ పట్టుబట్టి కంటి డాక్టరు దగ్గరికి పంపిస్తే అప్పుడు బయటపడింది, నీటికాసులు (గ్లకోమా).

కంటి లోపల ఒక ద్రవం ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి మందగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. ఒత్తిడి పెరిగితే, కొందరికి పెరగకపోయినా సరే, కంటి నుంచి మెదడుకి పోయే నరం మెల్లగా దెబ్బతింటుంది. ఆ నరంలో పది లక్షలకి పైగా పోగులున్నాయి, చచ్చిన పోగు మళ్ళీ బతకదు. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పోయిన చోట నల్లగా కూడా కనపడదు, చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడే అతుకు వేసి చూపిస్తుంది. నమ్మకపోతే ఆలోచించండి. మనందరికీ పుట్టుకతోనే ప్రతి కంట్లో ఒక గుడ్డి చుక్క ఉంది, నరం బయటికి పోయే చోట. ఎప్పుడైనా మీ కంటికి కనపడిందా? అత్తని ఒక గిన్నెలాంటి మిషన్ ముందు కూర్చోబెట్టి, లోపల చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎడమ పక్క చుక్కలు వరసగా వెలుగుతున్నాయి, మాకు కంప్యూటర్లో కనపడుతోంది. ఆమె చెయ్యి కదల్లేదు. బయటికొచ్చి, "మధ్యలో మిషన్ ఆగిపోయినట్టుందే" అంది.

ఇప్పుడు రోజూ రాత్రి చుక్కలు వేసుకోవాలి, జీవితాంతం. ఆ చుక్కలు పోయినదాన్ని తేవు, ఉన్నదాన్ని కాపాడతాయి. శుక్లానికీ దీనికీ తేడా అదే. శుక్లం పదేళ్ళు ఆలస్యమైనా సాధారణంగా చూపు తిరిగొస్తుంది, నీటికాసుల్లో ఆలస్యమైన ప్రతి రోజూ నష్టమే. షుగరు వల్ల రెటీనా (కంటి వెనకనున్న తెర) దెబ్బతినడం కూడా దాదాపు ఇదే బాపతు. మసక వచ్చేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. అందుకే షుగరున్నవాళ్ళు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి.

(చుక్కలంటే గుర్తొచ్చింది. దురదకీ ఎరుపుకీ మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. వేయగానే హాయిగా ఉంటుంది, అందుకని అదే సీసా చూపించి మళ్ళీ మళ్ళీ తెచ్చుకుంటారు. నెలల తరబడి వాడితే నీటికాసులూ రావచ్చు, శుక్లమూ రావచ్చు. కోతల్లో కంట్లో వడ్ల పొట్టు పడి పుండైనప్పుడు ఇవి వేస్తే ఇంకా ప్రమాదం, ఫంగస్ అయితే రెచ్చిపోతుంది. నాలుకతో తీయడం, ఆముదం పోయడం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.)

చార్టు పాసయ్యేవాళ్ళలో ఇంకో రకం ఉన్నారు. కందుకూరు వైపు మాకు తెలిసినవాళ్ళ అబ్బాయి, ఇంటర్ చదువుతున్నాడు. పగలు పేపరు చదువుతాడు, ఫోన్ చూస్తాడు. పొద్దుగూకితే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంటాడు. క్రికెట్‌లో పక్క నుంచి వచ్చే బంతి వాడికి కనపడదు, వాడి వైపు క్యాచ్ లేచిందంటే పోయినట్టే. "నటిస్తున్నాడు, పని ఎగ్గొట్టడానికి" అన్నాడు వాళ్ళ బాబాయి. రేచీకటి అని పొన్నగంటి కూర పెట్టారు, కారెట్ పెట్టారు, మేక లివర్ పెట్టారు. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటికి అవి పనికొస్తాయి, వీడిది అది కాదు. రెటినైటిస్ పిగ్మెంటోసా. రెటీనాలో మసక వెలుతురులో పనిచేసే కణాలు ముందు పోతాయి, తర్వాత చూపు పక్కల నుంచి మధ్యకి కుంచించుకుంటూ వస్తుంది. బొప్పాయి ఆకు కాడ గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రం స్పష్టంగా కనపడుతుంది. అందుకే పేపరు చదవగలడు, పక్కనున్న గేదెని గుద్దుకుంటాడు. రెండూ నిజమే.

చెన్నైలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "మీది మేనరికమా?" అట. వాళ్ళమ్మకి అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది, తన తప్పని చెప్పినట్టుగా. తప్పు కాదు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపపు జన్యువు దాగి ఉంటేనే ఈ రకం బయటపడుతుంది. దగ్గరి సంబంధాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. మా వైపు మేనమామ కూతుర్నో మేనత్త కొడుకునో చేసుకోవడం ఆస్తి పోకుండా, మనిషి పోకుండా చూసుకునే ఏర్పాటు. దాన్ని తిట్టి లాభం లేదు. కానీ ఇంట్లో ఒకరికి ఇలా ఉందని తెలిశాక కూడా దాచిపెట్టి, ఆ ఇంటి చెల్లెలికి మళ్ళీ మేనరికమే చేస్తున్నారు చూడండి, అక్కడ మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ అబ్బాయికి సదరం (వైకల్యం) సర్టిఫికెట్ రావాలంటే మళ్ళీ చార్టే అడ్డం అనుకున్నారు వాళ్ళు. కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపు వైశాల్యాన్ని, అంటే పక్కలకి ఎంత మేర కనపడుతుందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. చూపు 40 డిగ్రీల లోపుకి కుదించుకుపోతే మందదృష్టి, 10 డిగ్రీల లోపైతే అంధత్వం, అక్షరాలు ఎంత బాగా చదివినా సరే. వైశాల్యం పరీక్ష కాగితం పట్టుకుని వెళ్ళాలి, అంతే. అది చెప్పేవాళ్ళు లేక ఎంతమంది వెనక్కి వచ్చేస్తున్నారో! అసలు మన దేశంలో 2017 దాకా ఆరు మీటర్ల దూరం నుంచి వేళ్ళు లెక్కపెట్టలేకపోతే అంధుడు. ఆ ఏడాది నిర్వచనం మార్చి మూడు మీటర్లు చేశారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కతో సరిపోవడానికి. దాంతో కొంతమంది కాగితం మీద అంధులు కాకుండా పోయారు. వాళ్ళకి కనపడేది మాత్రం అంతే ఉంది.

పిల్లల సంగతి ఎక్కువ చెప్పను, అందరూ చెప్తూనే ఉన్నారు. ఫోన్‌ని తిడతారు గానీ, పిల్లలు ఆరుబయట వెలుతురులో గడిపే సమయం పెరిగితే మైనస్ పవర్ రావడం తగ్గుతుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. తైవాన్ 2010 నుంచి బడుల్లో రోజుకి రెండు గంటలు బయట గడిపే పద్ధతి పెట్టింది. మన హాస్టల్ చదువుల్లో తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పదికి స్టడీ అవర్, ఆటస్థలం సంగతి అడగొద్దు. ఇంకొకటి, ఇంట్లోనే చేయగలిగేది. ఒక్కో కన్ను మూసి చదివించండి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డ కన్నుని దాచేస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే ఆ బద్ధకపు కన్నుని దారికి తెచ్చే అవకాశం ఎక్కువ.

నా వాదన ఇది. క్యాంపుకి నలభై ఏళ్ళవాళ్ళని పిలవాలి, దగ్గర చూపు అద్దాలు ఎర వేసి పిలవాలి. నీటికాసుల పరీక్షకి రండి అంటే ఎవరూ రారు, బాగానే కనపడుతోంది కదా అంటారు. సూదిలో దారం ఎక్కేలా అద్దాలిస్తాం అంటే గ్రేడింగ్ ఆడవాళ్ళు వస్తారు, నేతవాళ్ళు వస్తారు, టైలర్లు వస్తారు. ప్లస్ అద్దాలు టోకుగా కొంటే పెద్ద ఖర్చు కాదు. ఎలాగూ వచ్చారు కాబట్టి అక్కడే కంటి ఒత్తిడి చూడొచ్చు, నరం చూడొచ్చు, షుగరుందా అని అడగొచ్చు, రాత్రి నడవడానికి ఇబ్బందా అని అడగొచ్చు. నరం చూడటానికి డాక్టరు కావాలి, నిజమే, కానీ శుక్లాలు చూడటానికి డాక్టరు ఎలాగూ వస్తున్నాడు. పొగాకు గ్రేడింగ్ జరిగే చోటికే, మగ్గాల దగ్గరికే క్యాంపు పోతే కూలి కూడా పోదు. ఆదివారం హైస్కూల్లో పెట్టి, "జనం రాలేదు" అంటే ఎట్టా?

నీటికాసులున్నవాళ్ళ తోబుట్టువులకీ పిల్లలకీ అది వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. అత్త డాక్టరు ఆ రోజే కాగితం మీద రాసిచ్చాడు, అందర్నీ చూపించుకోమని. పెద్దనాన్న వెళ్ళొచ్చాడు, ఏమీ లేదు. నేనూ చూపించుకున్నాను, ఏడాదికోసారి రమ్మన్నారు. మా నాన్న మాత్రం కదలడం లేదు. "నాకు బాగానే కనపడతా ఉందిరా, పేపరు చదువుతున్నా గదా" అంటాడు. అత్త రోజూ ఫోన్ చేసి పోయినావా లేదా అని తమ్ముణ్ణి తిడుతోంది. కోతలైనాక పోదాంలే అన్నాడు. కోతలయ్యాయి, వడ్లు మిల్లుకి కూడా పోయాయి. ఇప్పుడు ఎండలు తగ్గనీ అంటున్నాడు.